మరమనిషికి తాళంచెవి ఎంతవరకు?

మూసాపేట: మూసాపేట మీదుగా హైటెక్ సిటీకి పనికిపోయే కుర్రవాళ్ల విద్య ఇప్పుడు పల్లెలకూ చేరుతున్నది. పచ్చళ్లమ్మే మహిళా సంఘమైనా, ఎరువుల దుకాణమైనా ఫేస్‌బుక్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో రోజూ ఏదో ఒకటి పెట్టవలసి వస్తున్నది. ఆ పనిని కొందరు 'ఏఐ ఏజెంటు'కు అప్పజెప్పజూస్తున్నారు. చెప్పిన పనిని తానే అంచెలంచెలుగా చేసుకుపోయే కంప్యూటర్ ప్రోగ్రామే ఈ ఏజెంటు. అయితే మనిషికి పనికొచ్చే సాధనం వేరు, ఏజెంటుకు పనికొచ్చేది వేరు.

మనిషికి కావలసింది కంటికి కనిపించే తెర. బొమ్మ, తెలుగు అక్షరాలు సరిగా వచ్చాయో లేదో ముందే చూసుకోవాలి. రేపటి ప్రకటనకు ఇవాళే సమయం పెట్టుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా బిజినెస్ సూట్‌లో ఈ వీలు ఉచితంగానే వున్నది. హూట్‌సూట్ 2008లో, బఫర్ 2010లో మొదలైంది కూడా ఇందుకే.

ఏజెంటుకు తెరతో పనిలేదు. అది 'ఏపీఐ' అనే వెనక దారిన పోతుంది. ఆ దారిని ఇన్‌స్టాగ్రామ్ వృత్తి, వ్యాపార ఖాతాలకే తెరిచింది. 24 గంటల్లో ఇన్నే పెట్టాలని హద్దు కూడా వేసింది. అనుమతి లేని సాధనాలతో వాట్సాప్ నడిపితే ఖాతాయే మూతపడవచ్చు.

నోటీసు మనిషికే

2025లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమిపై గొడవ లేచింది. యంత్రాలతో చెట్లు కొట్టిన మాట నిజం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నదీ నిజం. ఆ నిజాల నడుమ ఏఐతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలూ ఫోన్లలో తిరిగాయి. అటువంటి బొమ్మను పంచుకున్నారంటూ ఒక ఐఏఎస్ అధికారికి గచ్చిబౌలి పోలీసులు నోటీసు ఇచ్చారు. బొమ్మ గీసింది యంత్రమే అయినా, జవాబు చెప్పవలసింది మనిషే.

పల్లెలోనూ అంతే. పురుగుమందు మోతాదులో ఒక సున్నా ఎక్కువ పడితే పోయేది రైతు పంట. నిలదీసేది దుకాణదారును.

జీతగాడికి కొట్టం తాళం ఇస్తాంగాని బీరువా తాళం ఇవ్వం గదా! ఏజెంటుకూ అదే పద్ధతి. ఖాతా పాస్‌వర్డు ఇవ్వకుండా, ఎప్పుడంటే అప్పుడు వెనక్కు తీసుకోగల వేరే తాళంచెవి ఇచ్చే సాధనాన్నే ఎంచుకోవాలి. ఏజెంటు చిత్తుప్రతి రాసిపెట్టేవరకే దానికి అనుమతి వుండాలి. ఏది, ఎప్పుడు, ఎవరు పెట్టారో లెక్క మిగలాలి. నెట్టు తెగి మళ్లీ వస్తే ఒకే ప్రకటన రెండుసార్లు పడకూడదు.

పండుగ శుభాకాంక్షల వంటివి ఏజెంటుకు వదిలినా నష్టం లేదు. ధర, మోతాదు, తేదీ, మనిషి పేరు వున్న ప్రతి ప్రకటననూ పెద్దమనిషి ఒకరు చదివి, తన వేలితోనే మీట నొక్కడం మేలు.