ఆయుర్వేద పట్టభద్రులకు జీవనమార్గములు

“ఆయుర్వేదము చదివిన పిల్లవాడు కషాయములు కాచుకొనుటయేనా?” అని పలువురు తలిదండ్రులు మమ్ము ప్రశ్నించుచున్నారు. మైసూరున వైద్యవిద్య గడించిన మచిలీపట్టణవాసి దీవి గోపాలాచార్యులు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో మద్రాసున చికిత్స, బోధన, ఔషధనిర్మాణము మూడింటను రాణించిరి. నేటికిని ముఖ్యమార్గము లవియే.

స్వంత వైద్యశాలకు ఓర్పు వలయును. తొలియేండ్ల రాబడి స్వల్పము. ఇది దాచుట మాకిష్టము లేదు. అధ్యాపకులు కాగోరువారు ఐదున్నర యేండ్ల పట్టముపై మరి మూడేండ్లు చదువవలెను. బెంగుళూరులోని హిమాలయ వంటి ఔషధసంస్థలలో మూలికల గుణపరీక్షకును, పరిశోధనకును ఇట్టివారు కావలసియుందురు.

మన పిల్లలకు అసలు చిక్కు భాషయందున్నది. దర్శన, స్పర్శన, ప్రశ్నములను త్రివిధపరీక్షలో మూడవది రోగి భాషలోనే జరుగవలయును. ఈ నగరమున అది తరచు కన్నడము. కర్ణాటక ప్రభుత్వ వైద్యోద్యోగములకును కన్నడ పరిజ్ఞానము తప్పదు. సంస్కృతము మాత్రము భయపెట్టదు. దోషము, ధాతువు, రసము అను మాటలు మన విద్యార్థు లెరిగినవే. ప్రవేశమునకు వ్రాయవలసిన నీట్ పరీక్షలో తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్ర, తెలంగాణ కేంద్రములలోనే యిచ్చెదరు. కావున బెంగుళూరున వ్రాయదలచినవారు ఎనిమిదవ తరగతినుండియే శాస్త్రపదములను ఆంగ్లమున గూడ నేర్వవలెను.