నెల్లూరు కోటపై సోదర సమరం

క్రీ.శ. 1757 మే నెలలో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ నెల్లూరు కోటపై దాడి చేసి విఫలుడయ్యాడు. కోట లోపల ఉన్నవాడు నెల్లూరు పాలకుడు నజీబుల్లా ఖాన్. ఫోర్డ్‌ను పంపించుకున్నవాడు ఆర్కాటు నవాబు ముహమ్మద్ అలీ వాలాజాహ్, అంటే నజీబుల్లా సోదరుడే. పాఠ్యపుస్తకాలు కర్ణాటక యుద్ధాలను ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ జరిగిన పోరుగా చెబుతాయి. మరి ఒక తండ్రి బిడ్డలు ఎందుకు కత్తులు దూసుకున్నారు?

వారసత్వమే కారణమని కొందరంటారు. 1749 ఆగస్టు 3న ఆంబూరు యుద్ధంలో తండ్రి అన్వరుద్దీన్ ఖాన్ హతుడయ్యాడు. షరీఅత్ ఆస్తికి వాటాలు నిర్ణయించింది. నవాబుగిరీ మాత్రం ఆస్తి కాదు, నిజాం సనదుతో వచ్చే ఉద్యోగం. 1748లో నిజాముల్ ముల్క్ మరణించాక ఆ ఇంటిలోనే కలహం రేగింది. కుమారుడు నాసిర్ జంగ్ ముహమ్మద్ అలీని బలపరిచాడు, దౌహిత్రుడు ముజఫ్ఫర్ జంగ్ పాత నవాయతు వంశపు అల్లుడైన చందా సాహెబును బలపరిచాడు. రెండు సనదులుంటే నిర్ణయించేది ఖడ్గమే గదా!

డూప్లే కుతంత్రం, కంపెనీల పేరాశ అసలు కారణమని మరికొందరి వాదం. ఇందులో నిజం లేకపోలేదు. కాని కంపెనీలు ప్రవేశించిన ద్వారం అప్పటికే తెరచి ఉంది. 1742లో నవాబు సఫ్దర్ అలీ, 1744లో అతని పసి కుమారుడు హత్యకు గురయ్యారు. ఆ రెండు హత్యల నాటికి డూప్లే ఆర్కాటు వ్యవహారంలో తలదూర్చనేలేదు. ఇక మతకలహమనే మాటకు తావే లేదు. ఇరుపక్షాల నవాబులూ ముస్లిములు, ఇరువైపులా హిందూ పాళెగాళ్లు, ఇరువురి వెనుకా క్రైస్తవ కంపెనీలు.

నెల్లూరు వరకు చూస్తే శిస్తు సొమ్మే సత్యానికి దగ్గర. తిరుచిరాపల్లి యుద్ధవ్యయం కింద ముహమ్మద్ అలీ కంపెనీకి బాకీపడ్డాడు. ఆ భారం తీరడానికి నెల్లూరునుంచి అదనపు సొమ్ము అడిగాడు, నజీబుల్లా నిరాకరించాడు. ఇంచుమించు అదే కాలంలో మరో సోదరుడు మహఫూజ్ ఖాన్ తిరునల్వేలిలో పాళెగాళ్లతో చేతులు కలిపాడు. నజీబుల్లా ఆర్కాటు గద్దె కోరలేదన్నది ఇక్కడ గమనించదగ్గది. 1759లో ఫ్రెంచివారు మద్రాసు ముట్టడి విడిచి వెనుదిరగగానే అతడు ఇంగ్లీషు పక్షం చేరాడు. తన కొలువులోని ఫ్రెంచివారిని ఒక్కరిని తప్ప అందరినీ చంపించాడు. అమాన్‌లో ఉన్నవారిని చంపడం షరీఅత్ దృష్టిలో ద్రోహమే. దానిని రాజనీతి అని కప్పిపుచ్చలేము. సంధి కుదిరింది ఏటా 30,000 వరహాల పేష్కష్‌పై, నెల్లూరు అతనికే దక్కింది. అంటే పోరు ఒక అంకె దగ్గర ఆగింది.

ఈ గాథకు ముఖ్య సాక్షులు ఇద్దరు. బుర్హాన్ రచించిన పారశీక గ్రంథం 'తుజుకె వాలాజాహీ' ముహమ్మద్ అలీ కొలువులో పుట్టింది. రాబర్ట్ ఓర్మ్ మద్రాసులో కంపెనీ ఉద్యోగి. ఇద్దరూ గెలిచినవారి మనుషులే. కాబట్టి నజీబుల్లాను ఊరకే 'తిరుగుబాటుదారు' అని రాసేముందు పాఠకుడు కొంత ఆగవలసి ఉంటుంది.

నవాబు బాకీ మాత్రం తీరలేదు. 1781లో కర్ణాటక శిస్తు వసూలును కంపెనీకి అప్పగించవలసివచ్చింది. 1801 జూలై 31 నాటి ఒడంబడికతో నెల్లూరు సహా కర్ణాటకమంతా కంపెనీ వశమైంది.