కుయెంకా పట్టణము – ఒక నేతవాని యాత్ర

జంగమకోటె నుండి శిడ్లఘట్ట మార్కెట్టుకు పట్టుగూళ్ళు చేర్చి రావడమే ప్రయాణమనుకొనే ఇంట పుట్టినవాడిని నేను. మా తండ్రిగారి కాలం వరకు మా ఇంట మగ్గం ఆడేది. ఆ తరువాత గూళ్ళ బేరమే మిగిలినది. అటువంటి నాకు భూగోళానికి ఆవలి ప్రక్కన, దక్షిణ అమెరికాలోని అండీస్ కొండల మీద ఉన్న ఒక పాత పట్టణాన్ని చూచే యోగం కలిగినది. నా మేనల్లుడు ఉద్యోగం మీద ఈక్వడార్ దేశంలో ఉన్నాడు. "మామా, ఒక్కతూరి వచ్చి చూడు. ఈడ గూడా మన మాదిరి నేసేవాళ్ళు ఉండారు" అని పదే పదే చెప్పి నన్ను కదిలించినాడు. చూచి వచ్చిన సంగతులు మన నేత కుటుంబాలవారికి ఉపయోగపడగలవని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

దేవనహళ్ళి విమానాశ్రయం మా ఊరికి దగ్గరే. అయితే అక్కడి నుండి ఈక్వడారుకు నేరుగా విమానం లేదు. దారిలో విమానాలు మారి రాజధాని అయిన కీటో చేరి, అక్కడి నుండి మరొక విమానంలో గంటలోపల కుయెంకా పట్టణంలో దిగాను. మనకు తెల్లవారుజామున నాలుగున్నర అయితే వారికి ఇంకా ముందునాటి సాయంకాలం ఆరు గంటలే. భూమధ్యరేఖ పోయే దేశం గదా, ఎండ మాడ్చివేస్తుందని అనుకున్నాను. కాని అక్కడ చలి! మన నంది కొండ ఎత్తు సుమారు 4,850 అడుగులు. కుయెంకా పట్టణమే 8,300 అడుగులకు పైన ఉన్నది. పది మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. అక్కడికి పోయేవారెవరైనా మొదటి రెండు దినాలు నిదానంగా నడవాలి, నీళ్ళు ఎక్కువగా త్రాగాలి, ఒక కంబళి వెంట ఉంచుకోవాలి.

రాళ్ళ మీద రాళ్ళు

పట్టణంలో నాలుగు ఏరులు పారుతున్నవి. వాటిలో ముఖ్యమైన దాని పేరు తోమెబాంబా. స్పెయిన్ దేశస్థులు రాకముందు ఇంకా రాజులకు ఇది గొప్ప నగరం, దాని పేరు గూడా తోమెబాంబాయే. అంతకుముందు కన్యారి జాతివారు ఇక్కడ ఉండేవారు. ఇంకా రాజవంశంలోని అన్నదమ్ములు సింహాసనం కోసం పోరాడుకొన్నప్పుడు ఆ నగరం పాడయినది. 1557 ఏప్రిల్ 12వ తేదీన స్పెయిన్ వారు ఇక్కడ కొత్త పట్టణం కట్టడం ప్రారంభించి, తమ దేశంలోని ఒక ఊరి పేరునే దీనికి పెట్టినారు. ఇంకాల గోడల రాళ్ళు తీసి చర్చిలకు, ఇండ్లకు పునాదులు వేసినారు. పాత చర్చి అడుగున ఆ రాళ్ళను ఈనాటికీ చూడవచ్చును.

వీధులు పడుగు పేకల మాదిరి నిలువునా అడ్డంగా తిన్నగా వేసినవి. నడుమ ఒక చౌకు, ఒక ప్రక్క పాత చర్చి, ఎదురుగా 1885లో మొదలుపెట్టి కట్టిన పెద్ద చర్చి, దానికి నీలి రంగు గుమ్మటాలు. ఇండ్లకు ఎర్ర పెంకులు, కొయ్య వసారాలు, లోపల మన మండువా ఇండ్లవలె నడవాకిలి. 1999లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చినది.

ఇదంతా కన్నుల పండుగే. అయితే మనం నేతవారం. మన కన్ను గోడల మీద కంటె గుడ్డల మీదనే ముందు పడుతుంది గదా!

గుడ్డ పోయి టోపీ వచ్చిన కథ

పదునెనిమిదవ శతాబ్దంలో కుయెంకా చుట్టుప్రక్కల పల్లెలలో ముతక నూలుగుడ్డ, ఉన్నిగుడ్డ విస్తారంగా నేసేవారు. ఆ సరుకు పెరూ దేశానికి మూటలు మూటలుగా పోయేది. తరువాత యూరప్ మిల్లుగుడ్డ చౌకగా వచ్చిపడినది. పల్లెల మగ్గాలు మూలబడినవి. ఈ కథ మనకు కొత్త కాదు. మన తాతముత్తాతలకు మాంచెస్టరు చేసినదే వారికీ జరిగినది.

ఆకలి తీర్చే దారి ఏదని వెదకి పంతొమ్మిదవ శతాబ్దం నడుమ ఆ ప్రాంతపు పెద్దలు టోపీలు అల్లే పనిని అక్కడికి తెచ్చినారు. సముద్రతీరంలో తొకీయా అనే మొక్క పెరుగుతుంది. చూపుకు తాటిమొక్కవలె ఉంటుంది గాని తాటిజాతి కాదు. దాని లేత ఆకులను సన్నగా చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టితే తెల్లని నార వస్తుంది. ఆ నార కొండమీదికి వస్తుంది. నడినెత్తిన మొదలుపెట్టి, చుట్టూ పోతూ అంచు వరకు చేతితోనే అల్లుతారు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడే నార విరగకుండా వంగుతుంది గనుక ఉదయం, సాయంకాలం ఎక్కువ పని. ఆడవారు సంతకు నడిచిపోతూ గూడా అల్లుతుంటారు. మామూలు టోపీ త్వరగానే అవుతుంది. మిక్కిలి సన్నపు నారతో అల్లే టోపీకి నెలలు పడుతుంది.

అల్లిన టోపీని అల్లినట్లే సంతలో దళారి కొంటాడు. దానిని కడిగి, గంధకపు పొగ వేసి తెల్లజేసి, అచ్చుకు ఎక్కించి ఇస్త్రీ చేసి ఎగుమతి చేసే కొట్లు పట్టణంలో ఉన్నవి. లాభమంతా అల్లిన చేతి నుండి ఎంత దూరం పోతే అంత పెరుగుతుంది.

ఇక అసలు విచిత్రం వినండి. లోకమంతా ఈ టోపీని 'పనామా టోపీ' అంటారు. పనామా వేరే దేశం. 1849లో కాలిఫోర్నియాలో బంగారం దొరికినదని జనం ఎగబడి పోయినప్పుడు పనామా దారిన పోయేవారికి ఈ టోపీలు అమ్మేవారు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు పనామా కాలువ పనులు చూడబోయినప్పుడు ఇటువంటి టోపీ పెట్టుకొన్న ఫోటోలు పత్రికలలో పడినవి. అంతటితో అమ్మిన రేవు పేరే స్థిరపడినది. అల్లిన ఊరి పేరు ఎవరికీ తెలియలేదు.

1940 ప్రాంతాలలో ఈ టోపీలు ఈక్వడార్ దేశపు పెద్ద ఎగుమతులలో ఒకటిగా ఉండేవి. 1950 తరువాత బేరం కూలిపోయినది. మగవారు టోపీలు పెట్టుకోవడం తగ్గినది, తూర్పు దేశాల నుండి చౌక టోపీలు వచ్చినవి. బ్రతుకుతెరువు కోసం ఈ పల్లెల మగవారు న్యూయార్కు దారి పట్టినారు. ఆ వలస తరాల తరబడి సాగినది. 2012లో తొకీయా టోపీ అల్లికను మానవజాతి వారసత్వ కళగా ఐక్యరాజ్యసమితి సంస్థ గుర్తించినది. గౌరవం వచ్చినది, కాని గౌరవం వచ్చేనాటికి ఎన్నో ఇండ్లు ఖాళీ అయినవి.

కిత్తనారతో చిటికి

కుయెంకాకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో గ్వలసేయో అనే ఊరు ఉన్నది. అక్కడికి పోయి నేను నిలువునా నిలబడిపోయాను. అక్కడి ఆడవారు కప్పుకొనే మకానా అనే శాలువను పడుగుకు ముళ్ళు కట్టి, రంగు వేసి, ముళ్ళు విప్పి నేస్తారు. మన పోచంపల్లివారు చిటికి అనే పనే ఇది!

మనవారు సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతోనో నూలుతోనో కడితే, వారు కిత్తనార చీలికలతో కడతారు. మన చేలగట్ల మీద ఉండే ముండ్ల కిత్తనార మొక్క పుట్టినిల్లు అమెరికా ఖండాలే. రంగులకు అక్రోటు ఆకు, నీలిమందు, నాగజెముడు మీద బ్రతికే ఒక చిన్న పురుగు నుండి తీసిన ఎరుపు వాడతారు. మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. పడుగు ఒక కొన గుంజకు కట్టి, రెండవ కొన తమ నడుముకు పట్టీతో బిగించుకొంటారు. నేసేవారు వెనుకకు వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. నడుమే దోనె, నడుమే గుంజ అన్నమాట. నేత అయిన తరువాత శాలువ కొనల పోగులను వలమాదిరి ముళ్ళు వేసి కుచ్చులు దీరుస్తారు.

ఒక ఇంటి వసారాలో ఒక పెద్దామె పడుగుకు ముళ్ళు కడుతున్నది. నేను చేయి వేయకుండానే ఆమె వేళ్ళు ఎటు పోతాయో నా కన్ను ముందే పోతున్నది. ఆమె అది కనిపెట్టి ఏమో అన్నది.

"మామా, ఈయప్పకు ఈ పని కొత్త కాదే అని అడగతా ఉంది" అన్నాడు మా అల్లుడు.

"మా దేశంలో గూడా ఇది ఉందని చెప్పు నాయనా. పోచంపల్లి, పుట్టపాక, చీరాల అని ఊర్లు ఉండాయని చెప్పు" అని, భుజాన ఉన్న తేలియా రుమాలు తీసి ఆమె చేతికి ఇచ్చాను.

కొనేవాడైతే గుడ్డ ముందువైపు చూస్తాడు. ఆమె తిరగవేసి చూచినది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచినది. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నూలును నానబెట్టి పదును చేస్తారని చెప్పించాను. ఒక గడి మీద వ్రేలు పెట్టి పడుగు పోగు, పేక పోగు వేరువేరుగా పరికించి, "పేకకు గూడా కట్టినారా!" అని ఆశ్చర్యపడినది. వారు పడుగుకు మాత్రమే కడతారు. రెండూ కట్టి నేతలో గళ్ళు కలిపించడం ఎంత కష్టమో మరొకరు చెప్పకుండానే ఆమెకు తెలిసినది.

తరువాత అడిగినది: "దీనిని ఏ ఊరి పేరుతో అమ్ముతారు?"

పుట్టపాక పేరుతోనే అని చెప్పించాను. ఆమె కొంచెంసేపు ఊరకుండి ఇట్లా అన్నది: "మా అమ్మ బ్రతికినన్నాళ్ళు పనామా టోపీలే అల్లినది. పనామా ఎక్కడున్నదో ఆమెకు తెలియదు."

మన ఇంటి సంగతి

ఆ మాట నన్ను కుయెంకా నుండి ఇంటిదాకా వెంటాడినది. పుట్టపాక అని గర్వంగా చెప్పాను గాని, మన చరిత్రలో పనామాలు లేవా? చీరాల ప్రాంతంలో మన వారు నేసిన రుమాళ్ళు పశ్చిమ ఆఫ్రికాకు పోయి నైజీరియాలో పెండ్లిండ్లకు, పండుగలకు వాడుకయినవి. అక్కడ వాటి పేరు మద్రాసు రుమాళ్ళు. ఓడ ఎక్కిన రేవు పేరు నిలిచినది, మగ్గం ఉన్న ఊరి పేరు మాసిపోయినది. మా శిడ్లఘట్ట పట్టు సంగతి అంతే. గూడు మాది, దారం తీసిన చేయి మాది, చీర అయిన తరువాత పేరు నేసిన ఊరిదో అమ్మిన కొట్టుదో అవుతుంది.

పేరు కడుపు నింపుతుందా అని అడిగేవారు ఉన్నారు. పేరు ఒక్కటే నింపదు. కాని పేరు లేనివాని సరుకును ఎవడైనా పోలిక చేసి అమ్మవచ్చును. చిటికి నమూనాను మిల్లుగుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి అని అమ్మడం మనం రోజూ చూస్తున్నాము. పోచంపల్లి ఇక్కత్తుకు 2004-05లోను, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లోను భౌగోళిక గుర్తింపు నమోదు అయినది. ఇది మన చేతిలోని ఆయుధం. అయితే నమోదు సంఘం పేర ఉంటే చాలదు. ఆ చట్టం క్రింద నేసే ప్రతి కుటుంబం 'అధీకృత వినియోగదారు'గా తన పేరు వ్రాయించుకోవచ్చును. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఆ నమోదు ఎక్కువలో ఎక్కువ పది సంవత్సరాలు ఉంటుంది, తరువాత మరల పొడిగించుకోవాలి. కాగితం పెట్టెలో దాచుకొంటే అది కాగితమే. బేరగాని ముందు తీసి చూపితేనే అది హక్కు.

రెండవది, పట్టుకు 2004 నుండి సిల్కు మార్కు, చేనేతకు 2006 నుండి హ్యాండ్లూమ్ మార్కు ఉన్నవి. కొనేవాడు అడగలేదని మానవద్దు. మూడవది, చీరతో ఒక చిన్న చీటీ ఉంచండి: పట్టు ఏ ఊరిది, రంగు వేసినది ఎవరు, నేసినది ఎవరు. అందుకు ఖర్చు ఎంతో కాదు. అది ఉంటే కొన్న ఇల్లాలు మరుసటి పండుగకు కొట్టును గాక ఊరిని వెదకుతుంది.

నేను వచ్చేటప్పుడు ఆ పెద్దామె నాకొక మకానా చూపి ధర చెప్పినది. బేరమాడే నోరు నాకు రాలేదు. రుమాలు ఆమె దగ్గరనే వదలివేశాను. ఇప్పుడు ఆ శాలువ మా ఇంట దండెం మీద ఉన్నది. చూడవచ్చినవారు ఎక్కడిదని అడిగితే మా ఆడవారు గ్వలసేయో అని స్పష్టంగా చెబుతారు. అట్లాగే కుయెంకా కొండలలో ఆ రుమాలు చూచినవారికి ఆమె పుట్టపాక అని చెబుతుందని నా నమ్మకం.