కొబ్బరాకు పందిరి ఫోటోలో ఎందుకు ఎండిపోతోంది?

ఈమధ్య కోనసీమ పెళ్ళి ఆల్బమ్‌లు తిరగేస్తుంటే పందిరి గోధుమరంగులో కనిపిస్తోంది. పొద్దున్నే కోసి తెచ్చి కట్టిన పచ్చి కొబ్బరాకు, ఫోటోలో మాత్రం ఎండు కమ్మలా ఉంటోంది. తప్పు కెమెరాది కాదు, ‘మూడీ’ పేరుతో స్టూడియోల మధ్య చేతులు మారుతున్న రెడీమేడ్ ఎడిటింగ్ సెట్టింగుల ప్రీసెట్‌ది. అలాంటి చాలా ప్రీసెట్లలో ఆకుపచ్చ గాఢతను మైనస్ 60, 70 దాకా దించేసి ఉంచుతారు. మబ్బుపట్టిన చలిదేశపు అడవిలో తీసిన ఫోటోకి అది అందమే. అమలాపురంలోనో రావులపాలెంలోనో జరిగే పెళ్ళికి అద్దితే ఊరే మాయమవుతుంది. నన్నడిగితే మైనస్ 10, మహా అయితే 15 దగ్గర ఆగాలి.

ఎఫెక్టుల కంటే ముందు సరిచేయాల్సింది వెలుగు. దాని రంగును కెల్విన్లలో కొలుస్తారు. దీపం వెలుగు సుమారు 1,900, పాతకాలపు పసుపు బల్బు 2,800, మధ్యాహ్నపు ఎండ 5,500, తెల్లని ఎల్ఈడీ 6,500. మన మండపంలో ఇవన్నీ ఒకేసారి వెలుగుతుంటాయి. పైగా పగటి పెళ్ళయితే పందిరి ఆకుల్లోంచి వడగట్టి వచ్చిన పచ్చదనం ముఖాల మీద పడుతుంది. దాన్ని తగ్గించాలంటే ‘టింట్’ మీటను కాస్త గులాబీ వైపు జరపాలి.

అసలు చిక్కు పసుపుతోనే. పెళ్ళికూతురి ఒంటిమీద పసుపు, చీరలో పసుపు, వెనకాల కడియం ఊరి నుంచి వచ్చిన బంతిపూల దండలు. ఫ్రేమంతా ఇలా నిండితే కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని పసుపు లైటు అనుకొని విరుగుడుగా నీలం కలిపేస్తుంది. గంటల తరబడి నలుగు పెట్టుకున్న ముఖం పాలిపోయినట్టు వస్తుంది. సరిచేసేవాళ్ళు ఫోటోలో తెల్లని చోటు వెతికి దానిమీద నొక్కుతారు. అక్కడ మధుపర్కాల మీద నొక్కకూడదు, వాటికి పసుపు రాసి ఉంటారు. తలంబ్రాల బియ్యమూ అంతే. పక్కన నిలబడ్డ మేనమామ తెల్లచొక్కా నయం. ముహూర్తానికి ముందు పీటల దగ్గర 18 శాతం బూడిదరంగు ‘గ్రే కార్డు’ పెట్టి ఒక్క ఫోటో తీసుకుంటే ఇంకా నయం.

ఇదంతా రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండే అసలు ఫైల్) ఉంటేనే హాయిగా సాగుతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. జరీ అంచు, పసుపు బట్ట జేపెగ్‌లో తేలిగ్గా 255కి తగిలి ఆగిపోతాయి. అక్కడ నేత కనిపించదు, ఒట్టి మరక మిగులుతుంది.

ఇక ఒంటిరంగు. దీని గురించి గట్టిగానే చెప్పాలి. నలుపైనా తెలుపైనా మనిషి చర్మంలో ఎరుపు అంకె ఎక్కువ, ఆకుపచ్చ మధ్యన, నీలం తక్కువ ఉంటాయి. మనిషికీ మనిషికీ మారేది ముఖ్యంగా వెలుగు స్థాయి. ఉదాహరణకు ఒక చామనచాయ ముఖం 190, 140, 110 దగ్గర ఉందనుకోండి. పసుపు రాస్తే నీలం ఇంకా పడిపోతుంది. అది పడిపోవాల్సిందే. ఆ ముఖాన్ని తెల్లగా చేయాలని 235, 205, 190కి లాగితే ముఖం ఒక రంగు, మెట్టెలు తొడిగించుకుంటున్న పాదం ఒక రంగు అవుతాయి. ఇంటికి వచ్చిన కోడలిని ఆల్బమ్‌లో గుర్తుపట్టలేకపోవడం ఆమెకు అవమానం. ముఖం నున్నగా చేసే ఆటోమేటిక్ పనిముట్ల మీదా ఒక కన్నేయాలి. దిష్టి తగలకుండా అమ్మ పెట్టిన బుగ్గచుక్కను అవి మచ్చ అనుకొని చెరిపేయగలవు.

ఫోటోలు దిద్దడం కొత్తేమీ కాదు. ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు, నలుపు తెలుపు ప్రింట్లకు చేత్తో రంగులద్దేవారు. 2020 అక్టోబరులో ఫొటోషాప్‌లో ‘స్కై రీప్లేస్‌మెంట్’ చేరాక ఆకాశం మార్చడం రెండు క్లిక్కుల పనైపోయింది. రాజమండ్రి ఆర్చి వంతెన ముందు జూలై, ఆగస్టుల్లో ప్రీవెడ్డింగ్ తీస్తే గోదావరి ఎర్రనీటితో ఉంటుంది. పైన నీలాకాశం అతికించి, నీటిని సముద్రపు రంగుకు తిప్పుతారు. ఏటిగట్టున పుట్టినవాళ్ళకి అది తమ గోదారిలా ఎలా అనిపిస్తుంది?

ప్రింటు లెక్క చిన్నదే. 12×36 అంగుళాల షీటుకు అంగుళానికి 300 చుక్కల చొప్పున 3,600×10,800, అంటే సుమారు 3.89 కోట్ల పిక్సెళ్ళు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో వెడల్పు 6,000. ఒక్క ఫోటోనే షీటంతా పరిస్తే అంగుళానికి 167 చుక్కలు దక్కుతాయి. చేతిలో పట్టుకొని చూసే ఆల్బమ్‌కి పరవాలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పొడవు సుమారు 1,600కి కుదించుకుపోతుంది. అదే షీటు మీద అంగుళానికి 44 చుక్కలే. ఏ ఎఫెక్టూ దాన్ని కాపాడలేదు.

కాబట్టి ఆల్బమ్ ఖరారు చేసేముందు ఒక్క షీటు ప్రింటు వేయించి పగటి వెలుగులో చూడండి. ఫోన్ తెరమీద కాదు. పెళ్ళికి 3,000 ఫోటోలు, ఒక్కో రా ఫైల్ 25 ఎంబీ అనుకుంటే మొత్తం 75 జీబీ. 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి. అడ్వాన్సు ఇచ్చేరోజే ఆ అసలు ఫైళ్ళు కూడా కావాలని స్టూడియోవాళ్ళతో మాట్లాడుకొని, రెండుచోట్ల దాచుకోండి.