మన ముద్రతో ఎవరి ఉత్తరాలు?

దారిన పోయే మనిషి ఒకరు శాఖలోకి వచ్చి, వెయ్యి కవర్ల కట్ట చేతిలో పెట్టి, "మీ ఫ్రాంకింగ్ మిషన్ ముద్ర వేసి పంపేయండి" అంటే ఏం చేస్తాం? కట్ట తిరిగి ఇచ్చేసి సాగనంపుతాం. సరిగా అమర్చని మెయిల్ సర్వర్ మాత్రం ఆ పని మారుమాట లేకుండా చేసిపెడుతుంది. దీన్నే ఓపెన్ రిలే అంటారు.

మెయిల్ రవాణాకు ఆధారమైన ఎస్‌ఎంటీపీ నియమాలు 1982 నాటివి. అప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవి ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలే. ఒకరి ఉత్తరం మరొకరు చేరవేయడం మర్యాదగా ఉండేది. 1990లలో స్పామర్లు ఆ మర్యాదను వాడుకున్నారు. దాంతో 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 వెర్షన్ నుంచి ఈ తలుపు ముందే మూసి ఇస్తున్నారు. మళ్లీ తెరుస్తున్నది మన అమరికలే.

తెరిస్తే నష్టం ఏమిటి? సర్వర్ ఐపీ చిరునామా నిరోధక జాబితాల్లోకి ఎక్కుతుంది. ఆపై మనం పంపిన ఖాతా స్టేట్‌మెంటు, గృహరుణం మంజూరు లేఖ కూడా తిరస్కరణకు గురవుతాయి. "మెయిల్ రాలేదండీ" అన్న ఖాతాదారుకు జవాబు చెప్పాల్సింది కౌంటర్‌లోని మన సహోద్యోగి.

సూత్రం చిన్నది. మన చిరునామాలకు వచ్చే మెయిల్‌ను ఎవరి దగ్గరనుంచైనా తీసుకోవచ్చు. బయటి చిరునామాలకు వెళ్లే మెయిల్‌ను పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినవారి నుంచి, గుర్తించిన యంత్రాల నుంచి మాత్రమే తీసుకోవాలి. మిగతాదంతా తిరస్కరించాలి.

ఐటీ తనిఖీల్లో నేను ముందుగా చూసేవి మూడు. మొదటిది, నమ్మకమైన యంత్రాల జాబితా. ఒక్క స్కానర్ మెయిల్ పంపడం కోసం మొత్తం నెట్‌వర్క్‌కు అనుమతి ఇవ్వకూడదు; ఆ స్కానర్ ఐపీ చాలు. రెండోది, ఫైర్‌వాల్. బయటినుంచి వచ్చే ప్రతి కనెక్షన్‌నూ అది తన లోపలి చిరునామాతో అందిస్తే, సర్వర్‌కు అపరిచితులందరూ ఇంటివాళ్లలాగే కనిపిస్తారు. మూడోది, పాస్‌వర్డ్‌లు. ఒక్క ఉద్యోగి పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే, తలుపులన్నీ మూసినా అతను తాళంచెవితోనే వస్తాడు. అందుకే గంటకు ఒక ఖాతా ఎన్ని మెయిళ్లు పంపవచ్చో పరిమితి ఉండాలి.

పరీక్ష బయటి ఇంటర్నెట్ నుంచే చేయాలి. లోపలినుంచి చేస్తే మనం నమ్మకమైన జాబితాలోనే ఉంటాం కాబట్టి ఫలితానికి అర్థం ఉండదు. పంపేవారు, అందుకునేవారు ఇద్దరూ బయటివారైన మెయిల్ ఇచ్చి చూడండి. 550 లేదా 554 సంఖ్యతో తిరస్కరణ వస్తే తలుపు మూసి ఉన్నట్టే. అమరిక మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి.

"ఎస్‌పీఎఫ్ ఉందిగా?" అని కొందరు అడుగుతారు. ఫలానా సర్వర్ మా తరఫున మెయిల్ పంపవచ్చని లోకానికి చెప్పేదే ఎస్‌పీఎఫ్. దొంగ ఆ సర్వర్‌నుంచే మన పేరుతో పంపితే, అది అతనికే సాక్ష్యం చెబుతుంది. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' డొమైన్‌కు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటిని నమోదు చేసేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. ఆ పేరు చూసి ఖాతాదారు నమ్ముతాడు. ఆ నమ్మకం మీద దొంగ ముద్ర పడకుండా చూడటం సర్వర్ గదిలో మొదలై, మీ టేబుల్ మీది పాస్‌వర్డ్ దాకా సాగే పని.