గోడమీద నంబర్

తమ్ముడి చేత కల్లు మాన్పించాలని మేం మొదట తీసుకెళ్లిన సెంటర్‌లో గేటు దాటగానే అడిగిన మాట, "అడ్వాన్స్ ఎంత కడ్తరు?" ఏడాది తర్వాత ఇంకోచోట నర్సు అడిగింది, "ఆఖరుసారి తాగి ఎన్ని గంటలైంది?"

మాది నిజామాబాద్ దగ్గరి పల్లె. మా వైపు కల్లు అంటే చెట్టు నుంచి దిగిందెంతో, పొడి కలిపిందెంతో చెప్పలేం. ఆ పొడి చాలాచోట్ల అల్ప్రాజోలం, డాక్టర్లు చీటీ మీద రాసే మందే. అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మాట పొంతన తప్పుతుంది, ఫిట్స్ వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైతే అలాంటివాళ్లు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక దవాఖానకు బారులు తీరారు. సరుకు పట్టుకోవడం ఎక్సైజ్ వాళ్ల పద్దు. వణికే మనిషి ఎవరి పద్దో మాకు అప్పటికి తెలియదు.

రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ పద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల మనసుకు కలిగే తేడాలను కూడా జబ్బు కిందే లెక్కగట్టింది. కాబట్టి అలాంటివాళ్లకు మంచం వేసి వైద్యం చేసే ఏ డీ-అడిక్షన్ సెంటరైనా ఈ అథారిటీ దగ్గర రిజిస్టర్ కావాలి. కాకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5 వేల నుంచి 50 వేల రూపాయలు. ఆ 5 వేలు మేం కట్టిన అడ్వాన్స్‌లో సగం కూడా కాదు. ఇక భయమెందుకుంటుంది?

నలభై రోజులకు తమ్ముడు బోడిగుండుతో ఇంటికొచ్చాడు. వంటింట్లో ఉల్లిగడ్డలు కోయించారట, చేతులకు ఆ వాసన ఇంకా పోలేదు. బలవంతంగా గుండు గీయకూడదు, చాకిరీ చేయించకూడదు, గొలుసులు వేయకూడదు, సొంత బట్టలు వేసుకుంటానంటే వద్దనకూడదు. ఇవన్నీ చట్టంలోనే ఉన్నాయి.

ఇంట్లోవాళ్లం సంతకం పెడితే చాలనుకున్నాం కదా, అదీ తప్పే. మనిషి ఒప్పుకోకుండా చేర్చాలంటే సైకియాట్రిస్టుతో పాటు ఇంకొకరు విడిగా పరీక్షించాలి. మొదటి విడత 30 రోజులు దాటకూడదు. 7 రోజుల్లోగా, ఆడవాళ్లయితే 3 రోజుల్లోగా, రివ్యూ బోర్డుకు కబురు చేయాలి. జిల్లా జడ్జి స్థాయివారు పెద్దగా ఉండే బోర్డు అది. దాని చిరునామా, ఫోన్ నంబర్ సెంటర్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి, లోపలున్న మనిషికి ఆ నంబర్‌కు ఫోన్ చేసుకునే వీలివ్వాలి. మొదటి సెంటర్ గోడల నిండా దేవుళ్ల పటాలున్నాయి. నంబర్ లేదు. ఫోన్ గేటు దగ్గరే తీసుకున్నారు.

రెండోసారి తీసుకెళ్లే ముందు 14446కు ఫోన్ చేశాను. మత్తు సమస్యలకు కేంద్రం నడిపే హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు. తర్వాత సర్కారు దవాఖానకే పోయాం. మందు ఒక్కసారిగా ఆపరని, మోతాదు మెల్లగా దించుతూ పోతారని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున, మాపున వాడి చేతులు ముందుకు చాపించి చూసేది.

నాలుగో రోజు నేను వెళ్లేసరికి తలుపు పక్క గోడ ముందు నిలబడి, రివ్యూ బోర్డు నంబర్‌ను ఒక్కో అంకె చొప్పున పైకి చదువుతున్నాడు. నన్ను చూసి ఆపాడు.

"అక్కా, నా గళ్ల లుంగీ తెచ్చినవా?"