కలుపు కాదు, కడుపు నింపే కూర
విత్తకుండా వచ్చే ఆకుకూరలకు కలుపు మందు దెబ్బ

జహీరాబాద్: తొలకరి పడి పదిహేను రోజులు తిరిగేసరికి ఈ ప్రాంతపు ఎర్ర చెలకల్లో రెండు పంటలు కనిపిస్తాయి. ఒకటి రైతు విత్తినది. రెండోది ఎవరూ విత్తనిది. జొన్న, కంది, పెసర సాళ్ల మధ్య గంగవాయిలి, చెంచలి, దొగ్గలి, గునుగు, తుమ్మి వాటంతట అవే తలెత్తుతాయి. వ్యవసాయ పుస్తకాల్లో వీటి పేరు కలుపు. ఇక్కడి ఇళ్లలో మాత్రం వీటి పేరు కూర.

ఒకప్పుడు మెదక్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన జహీరాబాద్ ప్రాంతంలో ఇలాంటి ఆకుకూరలు సుమారు 80 రకాలు ఉన్నాయని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు గుర్తించారు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన ఈ సంఘాలు చిరుధాన్యాలు, పప్పుధాన్యాలు కలిపి వేసే పాతకాలపు సాగుకు పేరుపొందాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వీటికి దక్కింది. ఇన్ని పంటలు కలిసి పెరిగే చేలలోనే విత్తని కూరలు కూడా ఎక్కువగా దొరకడం విశేషం.

కూలితో పాటు కూర

ఈ కూరలకు ధర లేదు, యజమాని లేడు. కలుపు తీయడానికి పోయిన ఆడకూలీలు పొద్దుగూకేవేళ ఒడి నిండా ఆకు కట్టుకొని ఇంటికి చేరడం ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఎవరి చేనైనా సరే, పైరు తొక్కకుండా ఆకు గిల్లుకుంటే వద్దనేవారు ఉండరు. గుంటెడు భూమి లేని ఇంట్లో కూడా వానకాలమంతా కూరకు లోటు రాకపోవడానికి కారణం ఇదే. రైతుకు కలుపు పోతుంది, కూలికి కూర దొరుకుతుంది. ఈ లెక్క ఏ కాగితం మీదా రాసుకున్నది కాదు.

ఏ కాలంలో ఏ కూర

మొదటి వానలకు వచ్చేది తగిరిస. కాస్త వాసన ఉన్నా లేత ఆకు వేపుడుకు బాగుంటుంది. ఆ వెంటనే చెంచలి, దొగ్గలి, అటికమామిడి వస్తాయి. దొగ్గలి తోటకూర జాతిది. నేలకు పాకే గంగవాయిలిని కోస్తా వైపు పావలికూర, పాయలకూర అంటారు. ఆకు దళసరిగా, పుల్లగా ఉంటుంది.

భాద్రపదం వచ్చేసరికి తుమ్మికూర వంతు. వినాయక చవితి నాడు తుమ్మికూర వండటం తెలంగాణ ఇళ్లలో ఆచారం. గునుగు సంగతి మరీ చిత్రం. లేతగా ఉన్నప్పుడు అది కూర. కోయకుండా వదిలేస్తే పూత పట్టి, పెత్రమాసకు బతుకమ్మలో పువ్వు అవుతుంది. చెరువు కట్టల కింద, కాలువల పక్కన తడి ఉన్నంత కాలం పొన్నగంటి దొరుకుతుంది.

యాసంగిలో నల్లరేగడి చేలకు పోతే మరో రుచి. అక్కడ విత్తిన పంటే కూరనూ ఇస్తుంది. లేత శనగ చిగుళ్లు గిల్లితే మొక్కకు పక్క కొమ్మలు వేస్తాయి, ఇంటికి కూరా వస్తుంది. కుసుమ మొక్క ముళ్లు పట్టక ముందు దాని ఆకును కూడా వండుకుంటారు.

కోసే తీరు

ఆకుకూర పొద్దున్నే కోయాలి. ఎండెక్కితే వాడిపోతుంది. పూత రాకముందు కోసినదే మెత్తగా ఉడుకుతుంది. పైరు సాలులో మొలిచినదాన్ని వేరుతో సహా పీకితే కలుపు తీసినట్టూ అవుతుంది. గట్టు మీద ఉన్నదాన్ని మాత్రం పై చిగురు గిల్లి వదిలేస్తే వారం పది రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. నాలుగు మొక్కలైనా విత్తనానికి వదలాలి.

తెలియని ఆకు జోలికి పోరాదు. ఉమ్మెత్త విషం. వయ్యారిభామ తినేది కాదు సరికదా, తాకితేనే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. పిల్లలను ఆకు కోయడానికి పంపేటప్పుడు పెద్దవాళ్లు వెంట ఉండటం మంచిది.

వండే తీరు

గంగవాయిలి నేలను అంటుకొని పెరుగుతుంది గనుక మట్టి పోయేదాకా మూడు నాలుగు నీళ్లలో కడగాలి. కందిపప్పు సగం ఉడికిన తరువాత తరిగిన ఆకు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ వేయాలి. ఆకులోనే పులుపు ఉంది కాబట్టి చింతపండు మామూలుగా వేసే దానిలో సగం చాలు. ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయలతో తాళింపు పెడితే పప్పు సిద్ధం.

చెంచలి, దొగ్గలి, లేత గునుగు వేపుడుకు అనువైనవి. ఆకును సన్నగా తరిగి, నూనెలో ఉల్లిగడ్డ వేగాక వేసి మగ్గనివ్వాలి. దించే ముందు వేయించిన నువ్వుల పొడి గానీ పల్లీల పొడి గానీ చల్లితే జొన్నరొట్టెకు సరిజోడు. తుమ్మికూరకు కొద్దిగా చేదు ఉంటుంది. పప్పులో వేసి చింతపండు పులుసు పోస్తే చేదు తగ్గుతుంది. అటికమామిడికి పెసరపప్పు పొత్తు కుదురుతుంది. ఏదీ సరిపడా దొరకని రోజున అన్నీ కలిపి కలెగూర వండుకోవచ్చు.

ఒంటికి మేలు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ఇచ్చిన సూచనల్లో మనిషికి రోజుకు 300 గ్రాముల కూరగాయలు కావాలని చెప్పింది. అందులో 50 గ్రాములు ఆకుకూరలు ఉండాలని సూచించింది. గర్భిణులకు 100 గ్రాముల ఆకుకూర అవసరమని అప్పట్లో పేర్కొంది. కాగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 58 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పరిస్థితి ఇంచుమించు ఇదే.

ఆకుకూరల్లో ఇనుము, సున్నం, కంటిచూపుకు మేలుచేసే ఎ విటమిన్‌గా మారే పదార్థం ఉంటాయి. కూర మీద నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కొద్దిగా నూనె తగిలితేనే ఎ విటమిన్ పదార్థం ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు గంగవాయిలి, తోటకూర జాతి ఆకులను డాక్టరును అడిగి తినడం మేలు.

మందు కొడితే ముందు పోయేది కూరే

మక్క చేలో విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే అట్రజిన్ కొడుతున్నారు. అది ముఖ్యంగా వెడల్పాటి ఆకుల మొక్కలను మొలకలోనే చంపుతుంది. గంగవాయిలి, చెంచలి, దొగ్గలి, తుమ్మి అన్నీ వెడల్పాటి ఆకులవే. పత్తిలో విత్తగానే కొట్టే పెండిమిథాలిన్‌తో కూడా చాలా కూరలు మొలవకుండానే పోతాయి. అంటే ఆ మందు కలుపుకే కాదు, కూరకూ వర్తిస్తుంది.

రైతు కష్టమూ కాదనలేనిది. వాన తెరిపి ఇచ్చిన నాలుగు రోజుల్లో ఊరందరికీ ఒకేసారి కూలీలు కావాలి. దొరకరు. ఆలస్యమైతే గునుగు పైరును మించి లేస్తుంది. చేతిలో మందు డబ్బా ఉంటే ఒక పూటలో పని తీరుతుంది. అయితే ఆ పూటతో కలుపుతీత కూలి పోతుంది, ఆ కూలితో వచ్చే కూర కూడా పోతుంది. చేను ఉన్నవాడు సంతలో కూర కొనుక్కోగలడు. కూలి పోయిన ఇంటికి ఆ స్తోమత ఎక్కడిది?

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. మందు కొట్టిన చేను రెండు మూడు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. సంగతి తెలియని ఆడవాళ్లు ఆ ఆకునే కోసుకుపోయే అవకాశం ఉంది. ఏ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఇది చాలామంది రైతులకు తెలియదు.

రైతు చేయదగినవి

మందు తప్పదనుకున్న రైతు కూడా కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు. గట్ల మీద, బావి చుట్టూ, చేను అంచున నాలుగు సాళ్లలో మందు కొట్టకుండా వదలాలి. అక్కడ కూరకు చోటు మిగులుతుంది. మందు కొట్టిన రోజున చేను మొగదల ఒక కర్ర పాతి పాత గుడ్డ కట్టాలి, కూలీలకు, పక్క చేలవారికి నోటితో చెప్పాలి. కోసేవారు కూడా చేనుగలవారిని అడిగి తెలుసుకున్నాకే ఆకు ముట్టాలి. ఆ చేలో ఆ కారంతా ఆకు కోయకపోవడమే క్షేమం.

సాళ్ల మధ్య గుంటుక తోలి, మిగిలినదాన్ని చేత్తో తీయిస్తే కూలి ఖర్చు కొంత తగ్గుతుంది, కూర కూడా దక్కుతుంది. మక్కలో, పత్తిలో నాలుగు కంది, పెసర సాళ్లు కలిపి వేస్తే ఆ చేలో ఏ మందు పడితే ఆ మందు కొట్టడానికి వీలుండదు. విత్తకుండా, నీళ్లు పెట్టకుండా, ఎరువు వేయకుండా వచ్చే పంట ఇది ఒక్కటే. దాన్ని నిలుపుకోవడానికి రైతు వదలవలసింది గట్టు పక్క నాలుగు సాళ్లు మాత్రమే.